నా మొక్కు, ఆమె జుట్టు

పదిహేడేళ్లుగా దీన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. రేపు పొద్దున నాకు గుండె ఆపరేషన్. నెల్లూరు ఆస్పత్రిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. భయంగానే ఉంది. కానీ భయంకన్నా ఉత్సాహమే ఎక్కువ!

బోగోలు దగ్గర సైన్సు మాస్టారుగా పనిచేశాను. దేవుడు లేడని ఊరంతటితో వాదించేవాణ్ణి. ఒకరోజు సరదాపడి తెలిసినవాళ్ల పడవలో సముద్రంలోకి వెళ్లాను. ఇంజను ఆగిపోయింది. గాలి లేచింది. పడవలోవాళ్లు గంగమ్మను పిలుస్తున్నారు. నేను నోరు మెదపలేదు. లోపల మాత్రం, వెంకన్నా, బతికిస్తే తలనీలాలిస్తాను అనుకున్నాను. మరుక్షణమే గుర్తొచ్చింది, నాది బట్టతల! వట్టి చేతులతో బేరమేమిటి? మా ఆవిడ జుట్టిస్తానన్నాను. మోకాళ్లదాకా ఉండే జుట్టు. ఆమెను అడగనైనా అడగకుండా!

ఇంకో పడవ వచ్చి మమ్మల్ని ఒడ్డుకు లాగింది. నమ్మకం లేనివాడికి మొక్కు ఎగ్గొట్టడమెంతసేపు? ఎగ్గొట్టలేకపోయాను. నిజం చెబితే పరువు పోతుంది. ఆ మధ్యే మా అత్తగారు పోయారు. నెపం ఆమె మీదికి నెట్టేశాను.

"మీ అమ్మ నీ జుట్టు కొండకి మొక్కుకునింది. పోయేముందు నాతో చెప్పింది," అన్నాను.

"నాతో ఒక్కమాట గూడా అన్లేదే!" అంది. మళ్లీ తనే, "మీరు దేవుణ్ణే నమ్మరు, మీకు అబద్ధం చెప్పే పనేముండాది? పోదాం పదండి," అంది.

తిరుమలలో వాళ్లమ్మను తలుచుకుని ఏడుస్తూనే గుండు చేయించుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. తిరిగొచ్చాక స్నేహితులు "మాస్టారింట్లోనే గుండా?" అని వేళాకోళమాడితే, ఆమె కాఫీలు అందిస్తుండగానే, ఆడవాళ్ల మూఢనమ్మకం, ఏం చేస్తాం అని నవ్వాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళ్లింది. సముద్రంలో ప్రాణభయం అనుకుందాం, మరి నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని అంత నీచమైన మాట ఎందుకన్నాను?

ఇవాళ మధ్యాహ్నం నుంచీ మళ్లీ అదే ఊగులాట. దేవుడు ఉన్నాడా, లేడా? ఉంటే ఆయనకు ఎప్పుడో తెలుసు. లేకపోతే చెప్పుకోవడానికి పైన ఎవరూ లేరు. ఎటు చూసినా చెప్పాల్సింది ఆమెకే! ఇది తట్టగానే మంచం దిగి గంతెయ్యాలనిపించింది.

చెప్పేశాను, ఇందాకే. ఆ మొక్కు నాదేనన్నాను. బత్తాయి ఒలుస్తున్న ఆమె, సగం ఒలిచిన పండు నా పక్కన పెట్టి బయటికి వెళ్లింది. ఇంకా రాలేదు. రావాలని ఎవరికో మొక్కుకోబోయి నాలుక కరుచుకున్నాను. తలుపు వైపే చూస్తున్నాను. అయినా చెప్పేశాను.