అమ్మ కొంగులో ఫ్యూజు

దిల్‌సుఖ్‌నగర్‌లో కారం పట్టే గిర్ని ముందు నుంచి వెళ్తే, తుమ్ము కంటే ముందు నాకు అమ్మ కొంగు గుర్తొస్తుంది.

ఎల్బీ నగర్‌లో మాకూ ఒక గిర్ని ఉండేది. తెలంగాణ ఉద్యమం రోజులవి. బొగ్గు గనులు కూడా సమ్మెకు దిగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. పోగానే నాన్న మిషన్‌లో చెయ్యి పెట్టి, ఇరుక్కున్న మిరపకాయలు తీసేవాడు. ఆయన చెయ్యి పెట్టేలోపే అమ్మ స్విచ్ ఆపి, తెల్లటి పింగాణీ ఫ్యూజు పీకి కొంగున ముడి వేసుకునేది. సమ్మె కోసం ఊరి కరెంటంతా అమ్మే దాచిపెడుతోందనుకున్నాను. బడిలో అందరికీ అదే చెప్పాను.

ఒకరోజు ఎదురు దుకాణంలో ఫ్యాను తిరగడం మొదలైంది. కారం కోసం కూర్చున్న గుంటూరావిడ ఓపిక పట్టలేక, తనే లేచి మా స్విచ్ వేసింది. నాన్న చెయ్యి ఇంకా లోపలే ఉంది. మిషన్ కదల్లేదు.

"కరెంటొచ్చిందిగా, తిరగదేంటండీ?" అందావిడ.

అమ్మ వెళ్లి స్విచ్ ఆపింది. "జర ఆగక్కా. ఆయన చెయ్యి బయటికొచ్చినంకనే ఫ్యూజు పెడ్త."

ఆవిడ మొహం పాలిపోయింది. మా అమ్మ ఇస్తేనే కరెంటు, చూసుకోండి అన్నట్టు నేను మాత్రం ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

నిన్న నాన్న రెండు చేతులతో నా కూతురికి జడ అల్లుతున్నాడు. అమ్మ గురించి ఆనాడు బడిలో నేను చెప్పింది తక్కువేననిపించింది.