వేరు కంచం

మూడో తరగతి చదివే నా కూతురు పెద్దమనిషైంది. ఇంత చిన్న వయసులో ఎందుకైందని అడిగితే, ప్లాస్టిక్ ఒక్కటే కారణమని చెప్పలేను గానీ వేడి తిండి అందులో పెట్టొద్దని నంద్యాలలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రోజూ పొగలు కక్కే అన్నం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బడికి పంపింది నేనే. పిల్లను తీసుకుని బస్సెక్కి ఆళ్లగడ్డకు తిరిగొచ్చాను.

ఇంట్లో మా అమ్మ పిల్లను మూలన చాప మీద కూర్చోబెట్టింది. మైలకు వేరు కంచం ఉండాలని కొత్త ప్లాస్టిక్ ప్లేటు కొనుక్కొచ్చి, అందులో వేడి వేడి పప్పన్నం పెట్టింది.

"స్టీలుది పెట్టు మా," అన్నాను.

"స్టీలుది పారేయాలంటే మనసొస్తాదా? ఇదైతే నీళ్లు పోసిన దినం పారేయొచ్చు," అంది.

ప్లేటు లాక్కుని, నా కంచంలో వడ్డించాను. పిల్ల ఆ ప్లేటే కావాలని వెక్కివెక్కి ఏడ్చింది. దాని మీద కుందేలు బొమ్మ ఉంది.