యాదమ్మకు నేనిచ్చిన సలహా

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువుగానే ఉంది, కాదనను. కానీ మీ ముందు ఏడవడానికి రాలేదు. మీ జాలి నాకొద్దు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

కొత్తగా వ్యాపారం పెట్టుకునే ఆడవాళ్లు నా హోటల్‌కి వచ్చి, ఎలా పైకొచ్చారో చెప్పమంటారు. వేళకు తెరవండి, రుచి తగ్గించకండి, బోణీ బేరాన్ని వెనక్కి పంపకండి అంటాను. అన్నీ నిజాలే. అసలుది మాత్రం మింగేస్తాను.

తొంభైల చివర. మాదాపూర్‌లో రాళ్లగుట్టల మధ్య పెద్ద ఆఫీసులు లేస్తున్నాయి. గుంటూరు నుంచి వచ్చి, ఒక సైటు గేటు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్నాను. పక్కనే కొత్తగూడ యాదమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి కూలీలకు అమ్మేది. ఒకరోజు నా దగ్గర తింటున్న ఇంజనీరు ఆ రొట్టెల వైపే చూస్తూ, కూర్చోడానికి బల్ల, పళ్లెం ఉంటే రోజూ అవే తినేవాళ్లమండీ అన్నాడు. ఆ మాట యాదమ్మకు చేరవేయలేదు. మా ఆయనకు షుగర్ అని అబద్ధమాడి, రొట్టె చేయడం నేర్పమన్నాను. పాపం, చేయి పట్టుకుని నేర్పింది.

ఒక నెల పోయాక తనే అడిగింది.

“అక్కా, రేపు గీ ఆఫీసులల్ల కొలువు చేసేటోళ్లు వస్తరు గద. నా రొట్టె తింటరా?”

“తినరు యాదమ్మా. చదువుకున్నవాళ్లు, జొన్నరొట్టె చూసి నవ్వుతారు. బ్రెడ్డు ఆమ్లెట్ పెట్టుకో.”

“గది నాకు చేతగాదు గదక్కా.”

“అదే వస్తుందిలే.”

నమ్మింది. ఎందుకు నమ్మింది? నేను పదో తరగతి చదివానని, తను వేలిముద్ర వేస్తుందని. పైగా అక్కా అని పిలిచిన నోటితో అనుమానించలేక. బ్రెడ్డుతో కూలీల కడుపు నిండలేదు. సైటు ఇంజనీర్లకు ఆమె ఆమ్లెట్ నచ్చలేదు. రెండు నెలలకు పొయ్యి ఆర్పేసి, అదే సైటులో ఇటుకలు మోయడానికి వెళ్లింది. మరుసటి వారమే నేను రెండు బల్లలు వేసి జొన్నరొట్టెలు మొదలుపెట్టాను.

పిల్లల కోసం చేశానని అనను. అలా చెప్పుకుంటే నాకే అసహ్యం. ఆ గేటు దగ్గర ఇద్దరికీ చోటుంది. తనకు కావలసిందల్లా నాలుగు పళ్లేలు, రెండు బల్లలు. అది నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. ఆదివారం ప్రార్థనల్లో ఎన్ని పాపాలు ఒప్పుకున్నానో, దీన్ని మాత్రం పక్కకు నెట్టాను. భయమా? కాదు. ఒప్పుకుంటే రొట్టె నాది కాకుండా పోతుందని.

ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది, ఒళ్లంతా సిమెంటు దుమ్ము. అందరిలాగే డబ్బులిచ్చి రొట్టె తీసుకుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే నాలుగు మాటలు తిరిగి అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఒక ముక్క తుంచి నమిలింది.

“నీళ్లు మంచిగ మరగలే అక్కా. అంచులు పగిలినయ్ చూడు,” అని చెప్పి వెళ్లిపోయింది.

తనకు అంతా తెలిసే అన్నదా? ఈ రోజుకీ నాకు తెలియదు. మర్నాటి నుంచి పిండి కలిపే నీళ్లు బాగా మరిగించాను. అంచు పగలని రొట్టె అని నన్ను మెచ్చుకుంటారే, అది ఆమె ఇచ్చిన సలహా. నేనిచ్చింది అబద్ధం, ఆమె ఇచ్చింది నిజం. ఇద్దరి సలహాల మీదా నా హోటలే నిలబడింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇకపై ఇదీ చెబుతాను. మీకు బాగా వచ్చిన పనిని మానేయమని పక్కవాళ్లు ప్రేమగా చెబితే, అందులో వాళ్లకేం లాభమో ముందు చూసుకోండి. అలా చెప్పినదాన్ని నేనే.

క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు? ఆమె అడిగిన దానికి జవాబు మాత్రం బాకీ ఉంది. తింటారు యాదమ్మా. నీ రొట్టె అందరూ తింటారు.