అమీర్‌పేటలో రైలు మారిన రోజు

నాయనకు మరుపొచ్చిందని అమ్మ పోరుతూనే ఉండేది. "వంటింట్లో నిలబడి వంటిల్లు యాడుండాదని అడుగుతాండాడే" అంటే నేను గయ్యిమనేదాన్ని. "నువ్వు కళ్లద్దాలు నెత్తిన పెట్టుకోని ఇల్లంతా వెతుకుతావు గదా, నీకేం రోగం?" కోడుమూరులో బట్టల కొట్టు నడిపిన మనిషి, చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పేవాడు. ఆయనకు మరుపా? నోటితో ఎంత అరిచినా లోపల భయం తొలుస్తూనే ఉంది. అందుకే హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిద్దామని కర్నూల్లో బస్సెక్కించాను.

దారిలో అడిగాడు, "కొట్టుకు తాళమేసినావా పాపా?" అని. ఆ కొట్టు అమ్మేసి ఎన్నో ఏళ్లయింది. "ఏసినా నాయనా" అన్నాను. ముక్కు మీద కోపముండే నాకు ఆ పూట కోపం కూడా రాలేదు.

బస్టాండు దగ్గర మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో దిగి, పై అంతస్తుకు పోయి, ఇంకో లైను రైలు పట్టుకోవాలి. అబ్బబ్బా, ఏం జనమది! మనం నడవక్కర్లేదు, వాళ్లే తోసుకుపోతారు. పైన రైలు ఆగి ఉంది. నాయన చెయ్యి పట్టుకుని ఉరికాను. నేను లోపల కాలు పెట్టాను, ఆయన ఇంకా బయటే ఉన్నాడు. ఆయన పక్కనున్న పెద్దావిడ మర్యాదగానే పలకరించింది, "ఏడికి పోతున్నరు?" అని.

అంతే. మా ఇళ్లలో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పని చెడుతుందని వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. నాయన నా చెయ్యి విదిలించుకుని వెనక్కి తిరిగాడు. నేను అరిచేలోగా తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి చూస్తే బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. చెప్తే నవ్వుతారు, నాకు ముందు సంతోషమేసింది. ఇంత శాస్త్రం గుర్తున్నవాడికి మరుపేమిటి, అమ్మకే చాదస్తం అనుకున్నాను.

తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు రైల్లో తిరిగొచ్చి, మెట్లు దిగి మళ్లీ మెట్లెక్కి చూస్తే బెంచీ ఖాళీ. సీసా ఉంది, మనిషి లేడు. ఆయన ఫోను నా సంచిలోనే మోగింది. రైలొచ్చిన ప్రతిసారీ ప్లాట్‌ఫాం నిండుతోంది, ఖాళీ అవుతోంది. ఏ రైలు ఆయన్ని తీసుకుపోయిందో! తెల్ల పంచె కనపడితే చాలు, పరుగెత్తి మొహంలోకి చూశాను. పట్టాల వైపు చూడ్డానికి మాత్రం ధైర్యం చాలలేదు. మహానంది ఈశ్వరుడికి ఏమేం మొక్కుకున్నానో నాకే తెలియదు.

చివరికి నా పరుగులు చూసి స్టేషన్లో పనిచేసే అమ్మాయి వచ్చి పిలిచింది. కింది లైను దగ్గర పట్టాల అంచున పసుపు గీత దాటి నిలబడితే నాయన్ని ఎవరో వెనక్కి లాగారట. వాళ్ల గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బుద్ధుండాదా నీకు? నా పానం పోయిందే!" అని అరిచాను. అరుస్తూనే భోరుమన్నాను.

నాయన కంగారుగా లేచి, కుర్చీ నాకు జరిపాడు.

"కూర్చోమ్మా, శానా అలిసిపోయినట్టుండావు. ఎవురు తప్పిపోయినారు, మీ నాయనా? ఏడ్వద్దు తల్లీ. ఎట్లుంటాడో చెప్పు, నేనూ వెతుకుతా."