గోలు గీత పక్కన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు పోయినవారం నల్గొండలో ఉన్న నాకు చేరింది. నారాయణపేట నుంచి పని మీద వచ్చిన ఒకాయన మా ఆఫీసు మెట్ల మీద నిలబడి చెప్పాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. కడసారి చూపు దక్కలేదన్న బాధ ఇంకా తగ్గలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నారాయణపేటలో అత్త ఇల్లు ఊరి చివర ఖాళీ జాగాను ఆనుకుని ఉండేది. పొద్దున అక్కడ నేతవాళ్లు పడుగు దారాలు బారుగా చాపి గంజి పట్టించేవారు. సాయంత్రం ఆ పడుగు గుంజలే మా గోలుపోస్టులు, ఆ జాగానే మా ఫుట్‌బాల్ మైదానం. ఒకవైపు గోలు సరిగ్గా అత్త అరుగు ముందరే. రాట్నం మీద కండెలు చుట్టుకుంటూనే ఆమె ఆటంతా చూసేది. ఎవడైనా దెబ్బ తగిలి పడితే అందరికన్నా ముందు ఆమె గొంతే వినపడేది.

ఆట అయ్యాక చాయ్ హోటల్లో మా పంచాయితీ మొదలయ్యేది. పడ్డవాడు నిజంగా పడ్డాడా, రెఫరీ కళ్లు కప్పడానికి పడ్డాడా? చేతికి తగిలిన బంతి ఛాతీకి తగిలిందన్నవాణ్ని ఏమనాలి? ఆటగాళ్లంతా నాటకాలరాయుళ్లేనని నా వాదన. అత్త ఇంటికొచ్చి అదే మాట అంటే ఆమె ఊరుకునేది కాదు.

"నువ్వు కూసోని చూస్తవు, వాడు ఉరుక్కుంట చూస్తడు. జర వాని జాగల నిలవడి మాట్లాడు బిడ్డా" అనేది. చీవాట్లు పెట్టాకే అన్నం పెట్టేది.

ఆమె కొడుకు, మా బావ, మా జట్టు గోల్‌కీపర్. ఒకసారి మహబూబ్‌నగర్ జట్టు మా ఊరికి ఆడడానికి వచ్చింది. జిల్లా జట్టును ఎంచేవాళ్లు ఆ ఆట చూసి బావను తీసుకుంటారని అందరి ఆశ. ఆట చివరికొచ్చింది, చెరో గోలు మీద ఉన్నాం. వాళ్లు కొట్టిన బంతిని బావ గీత దగ్గర వంగి పొట్టకు అదుముకున్నాడు. గోలని వాళ్లు, కాదని మేము. రెఫరీ హైస్కూలు డ్రిల్లు మాస్టరు. దూరంగా ఉండిపోయాడు, ఏమీ కనపడలేదు. వచ్చి, బంతి గీత దాటిందా అని బావనే అడిగాడు.

"దాటలే సార్" అన్నాడు బావ.

మాస్టరుకు నమ్మకం కుదరలేదు. అరుగు దగ్గరికి వచ్చి, "అమ్మా, మీరు చూసిండ్రా?" అన్నాడు.

అత్త రాట్నం ఆపింది. కొడుకు వైపు ఒకసారి చూసింది.

"దాటింది సారూ."

మాస్టరు గోలు ఇచ్చాడు. అవతలివాళ్లు "దొంగ, దొంగ" అని బావ మీద అరవసాగారు. మావాళ్లు తలలు దించుకున్నారు. అబద్ధాలకోరన్న పేరు పడితే ఇక జిల్లా జట్టు మాటే ఉండదు. అప్పుడు అత్త అరుగు దిగి మైదానంలోకి వచ్చింది.

"ఎవడ్రా దొంగ? వాని కండ్లల్ల దుమ్ము వడ్డది. దుమ్ము వడ్డోనికి గీత యాడ కనవడతది? వానికి గట్లనిపించింది, చెప్పిండు. నాకు కనవడ్డది, నేను చెప్పిన. మా ఇద్దర్ల ఎవలం అబద్ధమాడలే!"

అరుపులు ఆగిపోయాయి. సొంత కొడుకు మీదే సాక్ష్యం చెప్పిన తల్లి మాటను కాదనేదెవరు? బావను జిల్లా జట్టులోకి తీసుకున్నారు కూడా. బావకు తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా అని చాయ్ హోటల్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నేను మాత్రం ఆ వాదనలో మళ్లీ నోరు విప్పలేదు.

ఎందుకంటే ఆ రోజు నేను వాళ్ల పక్కనే ఉన్నాను. అత్త, కొడుకు తలను కిందికి వంచి, కొంగుతో అతని కళ్లు తుడిచింది. వాటిలో రవ్వంత దుమ్ము కూడా లేదు. ఉన్నవి నీళ్లే. అందరూ చూస్తుండగా అత్త తుడుస్తూనే ఉంది.