గోడవతలి తమ్ముడు కొట్టిన చప్పుడు

దొరికింది! మా ఇంటామె గొంతు దొరికింది! ఈ మాట ముందుగాల చెప్పకుంటే నా పాణం నిలువదు. దొరకబట్టిన మనిషి మాత్రం లేడు. మా గోడవతలి తమ్ముడు ఊపిరందక దవాఖానల పోయిండు, దినాలు నిన్ననే అయినయ్. ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూసుంటే ఏడుపు కంటే ముందు సంతోషం ఉరికొస్తున్నది. తప్పు అనుకోకున్రి.

కంపెనీ క్వార్టర్ల మాకూ ఆయనకూ నడుమ ఒక్కటే గోడ. ఇద్దరం ఒకటే బాయిల పనిచేసినం. బొగ్గుబాయిల అడుగు పెట్టేముందు పైకప్పును కట్టెతోని కొట్టి వినాలె. గట్టి చప్పుడైతే ముందుకు, బోలు చప్పుడైతే ఎనుకకు. ఆ అలవాటు ఆయన ఎంబడి ఇంటిదాకా వచ్చింది. పొద్దుగాల చాయ్ తాగంగనే గోడ మీద మూడుసార్లు కొట్టేటోడు. అన్నా, గట్టిగనే ఉన్నవా అని దాని అర్థం. నేను మళ్ల మూడు కొడితే, "ఇంక కూలలే!" అని నవ్వేటోడు.

దమ్ము పట్టి డ్యూటీ మానేసినంక కంప్యూటర్ల పని నేర్చుకున్నడు. "ఇంట్ల బల్బు మార్చరాదు గానీ ఊరోళ్ల కంప్యూటర్లు బాగుచేస్తడు" అని ఆయన పెండ్లాం, మా మరదలు ఎక్కిరించేది.

మా ఇంటామె పోయినంక మా కంప్యూటర్ పాడైంది. ఆమె పాడిన బతుకమ్మ పాట అండ్లనే ఉన్నది, ఇంకెక్కడా లేదు. లోపలి హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటున్నది. పెద్దపల్లిల దుకాణపాయన కొత్తది ఏసుకొమ్మన్నడు. నా బిడ్డ, "బాపూ, అమ్మ గొంతు యాదికి తెచ్చుకుందామంటే వస్తలేదు" అని ఏడ్చింది.

తమ్ముడు వచ్చి కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించిండు. "బోలు చప్పుడు అన్నా. మళ్ల మళ్ల ఆన్ చేస్తే కూలుతది." సంచిలకెల్లి ఒక సీడీ తీసిండు. "గిది లైవ్ సీడీ."

"లైవ్ అంటే ఏందిరా?"

"బతికున్నదని. కంప్యూటర్ నీ డిస్కుతోని కాదు, దీంతోని లేస్తది. డిస్కు మీద మనం ఏం రాయం. మెల్లగ పోయి ఎత్తుకొస్తం."

"మీ వదినెను లేపుతదా?"

ఆయన నవ్వలే. "సప్పుడు చెయ్యకు" అన్నడు.

తెర వెలిగింది. మా ఫొటో లేదు, మా గుర్తులేం లేవు. మా ఇంటి మనిషి ఒంట్ల ఇంకెవలో కండ్లు తెరిచినట్టయింది నాకు. డిస్కు టక్కుమన్నప్పుడల్లా ఆయన చెయ్యి లేపేటోడు, మేం ఊపిరి బిగపట్టేటోళ్లం. బిడ్డ సినిమాలు కూడా తియ్యమంటే, "ముందు మనుషులు, తర్వాత సామాను" అన్నడు. కప్పు కూలినప్పుడు బాయిల చెప్పే మాట అది. కొంచెంసేపటికి లోపల గీరినట్టయి, అంతా సల్లబడ్డది.

"కూలింది అన్నా. మనుషులొచ్చిన్రు, గొంతులున్న ఫైళ్లు దొరికినయ్ గానీ వాటి పేర్లు రాలే. ఒట్టి నంబర్లే ఉన్నయ్. మా ఇంట్ల పెట్టుకొని ఒక్కొక్కటి విని చూస్త."

ఆ దినాలు ఎట్ల చెప్పాలె! మా ఇంటి పాత చప్పుళ్లు గోడవతలికెల్లి వినబడేటివి. బిడ్డ చిన్నప్పటి నవ్వు. నా దగ్గు. సగం తెగిన మాట. మేం ఇంకా ఆ పక్కనే బతుకుతున్నట్టు, ఇటు దిక్కు ఎవ్వలం లేనట్టు. ఆమె గొంతు మాత్రం రాలే. తర్వాత తమ్ముని దగ్గు ఎక్కువైంది. తర్వాత గోడ మాట్లాడుడు బందైంది.

నిన్న మరదలు క్వార్టర్‌కు తాళమేసి కమాన్‌పూర్ తల్లిగారింటికి పోతూ నా చేతిల ఒక సీడీ పెట్టింది. "దవాఖానకు పొయ్యే ముందు దొరికిందట బావా. అన్నకియ్యమన్నడు."

ఇయ్యాల పొద్దుగాల సీడీ ప్లేయర్ల పెట్టినం. వచ్చింది! ఆమె పాటే! నడుమల పాట ఆపి, "బిడ్డా, పొయ్యి మీద పాలు చూడు" అన్నది. నా బిడ్డ నిజంగనే లేచి వంటింట్లకు ఉరికింది.

అప్పుడు గోడ మీద మూడు దెబ్బలు.

నా చెయ్యి దానంతటదే లేచి మూడు కొట్టింది. అవతలికెల్లి నవ్వు: "ఇంక కూలలే!"

అటు దిక్కు తాళం ఉన్నదని అప్పుడు యాదికొచ్చింది. "సీడీలదే బాపూ, అమ్మ పాడేటప్పటిదే" అన్నది బిడ్డ. నా చెయ్యి గోడ మీదికెల్లి తియ్యబుద్ధి కాలే.

ఇగ అందరికీ చెప్పాలె. శ్రీరాంపూర్ల మా బావమరిదికి, అక్క పాడుతున్నదని. పెద్దపల్లిల వదినెకు. మా చిన్నక్కకు, చెవులు వినబడకున్నా సరే. అందరికంటే ముందుగాల కమాన్‌పూర్ల మరదలికి: అమ్మా, నీ పెనిమిటి ఇంకా గోడ కొడుతున్నడు.