నేనే కాటా ఎక్కిన రోజు

ఆ రోజుల్లో, జబ్బు అన్నాక దానికో అంకె ఉండాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. జ్వరానికి డిగ్రీలు, బీపీకి పైనొకటి, కిందొకటి. అంకె లేనిది జబ్బు కాదు, ఒళ్ళు బద్ధకం. ఏడో తరగతితో బడి మానేసి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం గర్వం ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అశ్వారావుపేట దగ్గర పామాయిల్ గెలలు తూచే చోట గుమాస్తాగా కుదిరాను. గెలల ట్రాక్టరు పెద్ద కాటా ఎక్కుతుంది, అంకె రాస్తాను. దించి వచ్చాక ఖాళీ ట్రాక్టరును తూచి తీసివేత చేస్తాను. అంతే పని.

మొదటి వానాకాలానికే, రాసిన అంకె తప్పేమోనని అనుమానం పట్టుకుంది. దిగిన బండిని మళ్ళీ ఎక్కించేవాణ్ణి. ఆ తర్వాత మూడోసారి. గుండె దడదడలాడేది, అరచేతి చెమటకి కాగితం తడిసేది. "కాటన్నా, బండిని తూస్తున్నవా, పెళ్లిచూపులు చూస్తున్నవా?" అని డ్రైవర్లు అరిచేవాళ్ళు. బండ్ల వరస రోడ్డు దాకా పెరిగింది. సూపర్‌వైజరు పిలిచి, "ఈ సీజను దాకా చూస్త. గిట్లనే ఉంటే ఇంకో మనిషిని పెట్టుకుంట" అన్నాడు.

నాకు పెద్ద జబ్బేనని తేలిపోయింది. ఇక అంకె దొరకాలి. ఒక పొద్దున ఎవరూ లేనప్పుడు నేనే కాటా ఎక్కాను. అరవై. సాయంత్రం మళ్ళీ ఎక్కాను. యాభై! ఒక్క పూటలో పది కిలోలు! ఈ లెక్కన (భాగహారం నాలుగుసార్లు చేశాను) నాకు మిగిలింది రెండున్నర రోజులు.

ఆ లెక్క వినగానే అక్క నన్ను దమ్మపేటలో మా ఇంటిల్లిపాదికీ మందిచ్చే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. "సార్, మా తమ్ముడు కరిగిపోతున్నడు!"

"చూస్తే గట్ల లేడే" అంటూ ఆయన నన్ను తన బరువు మిషను ఎక్కించాడు. యాభై అయిదు. "మీ కాటా ఎంత లెక్కన చూపిస్తది?"

"పది కిలోల లెక్కన సార్. నడుమ అంకెలు చూపియ్యదు, అటో ఇటో దుంకుతది..." అంటూ ఆగిపోయాను. (ఆ ముక్క రోజూ రైతులకి చెప్పేది నేనే.)

"ట్రాక్టర్లు తూసేదాని మీద నువ్వెందుకెక్కినవ్ రా?" అని అక్క నవ్వుతూ నా నెత్తిన ఒకటి మొట్టింది. నేను సిగ్గుతో లేవబోయాను.

డాక్టరు మాత్రం, "కూచో. బరువు సంగతి తేలింది. నిద్ర పడుతుందా?" అన్నాడు.

ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అనుమానం, దడ, ఉద్యోగం పోతుందన్న భయం, అన్నీ కక్కేశాను. అక్క నవ్వు ఆపేసింది.

"ఇది మనసుకొచ్చే జబ్బు. వస్తది, తగ్గుతది. ఖమ్మంల దీనికో డాక్టరున్నడు."

"ఆడికి పోతే పిచ్చోడంటరు సార్."

"సరే, ముందుగాల ఆయనతో నేను ఫోన్ల మాట్లాడుత. నువ్వు వారంవారం నా దగ్గరికే రా. జ్వరాలోళ్ల లైన్లనే కూచో. ఎవరడుగుతరు?"

(అందరూ అడిగారు. ఆ రెండు నెలల్లో మలేరియా, కామెర్లు, నడుంనొప్పి, అన్నీ నాకు వచ్చిపోయాయి.)

ఖమ్మం డాక్టరుతో మాట్లాడి ఒక చిన్న మాత్ర ఇచ్చాడు, ఒక పని కూడా ఇచ్చాడు. ఒకసారి తూచడం, రాయడం, బండిని పంపడం. ఆగలేక మళ్ళీ తూస్తే, అలా ఎన్నిసార్లు తూచానో కాగితం మీద రాసి తెచ్చి చూపాలి. మొదటి వారం నలభై మూడు. రెండో వారం నలభై నాలుగు. నా మొహం చూసి, "మందు పట్టుకునేసరికి టైం పడతది, తొందరేంది?" అన్నాడు. తర్వాత ముప్పై, పంతొమ్మిది, తొమ్మిది. సీజను చివర్లో సూపర్‌వైజరు వచ్చి, కాటా పక్కన అరగంట నిలబడి, కదులుతున్న బండ్లను చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడమంటే ఉద్యోగం ఉన్నట్టే.

ఆ మరుసటి వారం డాక్టరు ముందు ఖాళీ కాగితం పెట్టాను. "తప్పయింది సార్. రాసుడు మరిచిపోయిన. మళ్ల తూసిన్నో లేదో గూడ యాదికి లేదు."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, బయట కూర్చున్న అక్కను కేకేశాడు. "అమ్మా, ఇటు రా! మీవోడు మరిచిపోయిండట!"

అక్క కళ్ళు తుడుచుకుంటోంది, డాక్టరు నవ్వుతున్నాడు. నేను మాత్రం తిట్లు పడతాయేమోనని తలవంచుకు నిలబడ్డాను. తల నెరిసిన ఈ వయసులో ఆ బక్క కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. బాగైన సంగతి ఆ గదిలో వాడికొక్కడికే తెలియదు. వెళ్ళి భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఏం లాభం, వాడు ఇంకోసారి చెప్పమంటాడు.